నేను పెట్టిన వెరీగుడ్లు

మా మేనకోడలికి ఈ మధ్యే టీచరు ఉద్యోగం వచ్చింది. మొన్న ఆదివారం ఇంటికొచ్చి, "అత్తా, ముప్పై మూడేళ్లు పిల్లలకి చదువు చెప్పావు కదా, నాకు పనికొచ్చే ముక్కలు నాలుగు చెప్పు" అంది. "చదువు చెప్పానో లేదో తర్వాత మాట్లాడుకుందాం గానీ, ముప్పై మూడేళ్లూ నోటుపుస్తకాలు మాత్రం దిద్దానే" అన్నాను. అది వేళాకోళం అనుకుని నవ్వింది. ఇది దాని కోసమే రాస్తున్నాను. దానిలాంటి వాళ్లు ఇంకెవరైనా చదివినా అభ్యంతరం లేదు.

మా ఉద్యోగం అసలు స్వరూపం ఇదీ. తప్పు ఉంటే సున్నా, ఒప్పు ఉంటే టిక్కు, టిక్కు కింద సంతకం, సంతకం కింద తేదీ. నలభై మంది పిల్లలు, ఒక్కొక్కరికి అయిదు పుస్తకాలు. నా కుడిచేతి మధ్యవేలి మీద ఎర్రపెన్ను ఒత్తుకుని కాయ కాసింది. రిటైరైనా అది పోలేదు. పిల్లలకి చదువొస్తోందా అని ఎవరైనా అడిగితే పుస్తకాలు తీసి చూపించేవాళ్లం. పుస్తకం నిండితే పిల్ల బుర్ర కూడా నిండినట్టే అని తల్లిదండ్రులు నమ్మారు, పై అధికారులు నమ్మారు, అందరికంటే గట్టిగా నేను నమ్మాను. ఆ నమ్మకం ఎక్కడ పట్టుకుంది, ఎవరి చేతిలో వదిలింది అన్నదే ఈ కథంతా. ప్రమోషన్ల సంగతి రాయను. రావలసినవి వచ్చాయి, రానివి రాలేదు.

అట్టల పేర్రాజు గారు

నా మొదటి బడి నల్లజర్ల దగ్గర ఒక పల్లెలో. అక్కడ హెడ్మాస్టరు పేర్రాజు గారు. చాలా మంచి మనిషి, పిల్లల మీద చెయ్యి ఎత్తగా నేను చూడలేదు. ఆయన ప్రాణమంతా పుస్తకాల అట్టల మీద ఉండేది. ప్రతి పుస్తకానికీ గోధుమరంగు అట్ట, దాని మీద పేరు చీటీ, లోపల స్కేలు పెట్టి కొట్టిన మార్జిను. మార్జిను వంకరపోతే ఆయనకి ఆ పూట అన్నం సయించేది కాదు.

నేను అప్పుడే ట్రైనింగు ముగించుకుని వచ్చిన ఉత్సాహంలో ఉన్నాను. ఆకుల పాఠం వస్తే మూడో తరగతి పిల్లల్ని జీడితోటలోకి తీసుకుపోయాను. ఒక వారం ఆకులు ఏరారు, చించారు, వాసన చూశారు, ఈనెలు లెక్కపెట్టారు, అడ్డమైన ప్రశ్నలూ అడిగారు. ఆ ప్రశ్నల్లో సగానికి నాకే జవాబు తెలియదు. వారం చివర పేర్రాజు గారు పిలిచారు.

"ఏవమ్మా, మూడో తరగతి పుస్తకాల్లో వారం రోజులుగా ఒక్క ముక్క లేదేంటి?"

"ఆకుల గురించి నేర్చుకుంటున్నారండి. అడిగి చూడండి, బ్రహ్మాండంగా చెబుతారు."

"చెప్పింది గాల్లో పోద్దమ్మా. రేపు తనిఖీకి వచ్చినాయనకి గాలి చూపిస్తావా?"

సోమవారం నుంచి జీడితోట మానేశాను. బోర్డు మీద ఆకు బొమ్మ వేసి, భాగాల పేర్లు రాసి, అందరి చేతా పుస్తకంలోకి ఎక్కించాను. నలభై పుస్తకాల్లోనూ ఒకే ఆకు. పేర్రాజు గారు మురిసిపోయి, ఆ పుస్తకాలు మిగతా టీచర్లకి కూడా చూపించారు. ఆ ఏడాది ఇంకెవరూ అడ్డమైన ప్రశ్నలు అడగలేదు. అది నా క్రమశిక్షణ గొప్పతనమనుకున్నాను. ఆయన్నేమీ అనను. బుర్రని తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టింది నేనే.

ఎడమచెయ్యి

తర్వాత తాడేపల్లిగూడెం. రైసుమిల్లుల పక్క బడి. అప్పట్లో బజారు వ్యాపారస్తుల పిల్లలు కూడా మా బడికి వచ్చేవారు. నాలుగో తరగతిలో సాయి అని ఒక కుర్రాడు ఉండేవాడు. వాళ్ల నాన్నగారిది పప్పుల వ్యాపారం. సాయి కళ్లు మూసుకుని వాసన చూసి ఏ సంచిలో ఏ పప్పుందో, ఏది పాతదో చెప్పగలడు. ఆ విద్యకి మా దగ్గర మార్కులు లేవు.

ఆ నాన్నగారు ఒకరోజు బడికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "టీచరు గారండీ, మావాడికి హోంవర్కు కాస్త పెంచాలండి. ట్యూషన్ నుంచి వచ్చాక ఇంట్లో ఖాళీగా కనపడుతున్నాడండి." పిల్లాడు ఖాళీగా కనపడటం ఆయన కంటికి కొట్లో బేరం లేకపోవడంతో సమానం. నేను సంతోషంగా పెంచాను. ఎక్కువ హోంవర్కు ఇచ్చే టీచరుకి ఆ బజారులో ఎంత గౌరవమో మీకు తెలియదు.

మర్నాటి నుంచే సాయి రాత బాగా పాడైంది, రెండు వారాలైనా బాగుపడలేదు. అక్షరాలు ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి. "చేతిరాత మెరుగుపడాలి. శ్రద్ధ చాలదు" అని ఎర్రసిరాతో రాసి పంపించాను. మర్నాడు వాళ్లమ్మ పద్మావతి గారు వచ్చారు. ముఖం చిన్నబుచ్చుకుని ఉన్నారు.

"ఏవండీ టీచరు గారూ, ఎడంచేత్తో రాస్తే అంతకన్నా బాగా ఎలా వస్తుందండీ?"

"సాయిది కుడిచెయ్యి కదండీ?"

"వాడిది కుడిచెయ్యేనండి. నాదీ కుడిచెయ్యే. కానీ కుడిచేత్తో రాస్తే పెద్దవాళ్ల రాతలా ఉందని మీరు పట్టేస్తారు కదండీ."

"మరి సాయి ఏం చేస్తాడండీ?"

"ట్యూషన్ నుంచి వచ్చేసరికే సోలిపోతాడండి పాపం. అన్నం తింటూనే నిద్రపోతాడు."

రెండు వారాలుగా నేను ఒక పప్పుల వ్యాపారి భార్య ఎడమచేతికి చదువు చెబుతున్నానన్నమాట. అప్పుడు నేను అనవలసిన మాట, "హోంవర్కు సగానికి తగ్గిస్తాను, సాయంత్రం వాణ్ని కాస్త ఆడుకోనివ్వండి, రాసింది తప్పైనా వాడినే రాయనివ్వండి" అని. నేను అన్న మాట, "కుడిచేత్తోనే రాయండి, పర్వాలేదు." ఆవిడ దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. తర్వాత పుస్తకం ముచ్చటగా ఉంది. వెరీగుడ్ పెట్టాను.

స్టాఫ్‌రూములో ఈ సంగతి చెప్పుకుని చాలా ఏళ్లు నవ్వాను. ఇప్పుడు తల్చుకుంటే సాయి ఏం నేర్చుకున్నాడో నాకు ఒక్క ముక్కా గుర్తు లేదు. వాళ్లమ్మ అక్షరాలు మాత్రం ఇప్పటికీ కళ్లకి కట్టినట్టున్నాయి.

భవాని

చివరి బడి ఏలూరు దాటాక కొల్లేటి వైపు. ఊరి పేరు అక్కర్లేదు. ఎటు చూసినా చెరువులే, చెరువుల మీద నీళ్లకి గాలి కొడుతూ గిరగిరా తిరిగే ఏరేటర్లే. ఇద్దరు టీచర్ల బడి. భవాని ఒకటో తరగతిలో నా గదిలోకి వచ్చింది, అయిదో తరగతి దాకా నా దగ్గరే ఉంది. వాళ్ల నాన్న సత్యనారాయణ కలిదిండి నుంచి వచ్చి, ఇక్కడ ఒక రొయ్యల చెరువు కౌలుకి తీసుకుని, గట్టు మీదే పాక వేసుకున్నాడు.

భవాని చేతిరాత చూస్తే పేర్రాజు గారు కళ్లనీళ్లు పెట్టుకునేవారు. అచ్చు గుద్దినట్టు ఉండేది. ఒత్తులు ఒత్తుల్లా, గుడులు గుడుల్లా. ఎక్కడా కొట్టివేత లేదు. అయిదేళ్లలో ఆ పుస్తకాల్లో నేను పెట్టిన వెరీగుడ్లకి అంతు లేదు. బడికి ఎవరొచ్చినా మొదట ఆ పుస్తకమే వాళ్ల చేతిలో పెట్టేదాన్ని. వాళ్ల నాన్న నిండిన పుస్తకాలు పారెయ్యనిచ్చేవాడు కాదు. ఖాళీ మేత సంచి కత్తిరించి, అందులో చుట్టి, పాకలో దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు.

ఆ పిల్ల ఒంటరిగా చదవగా నేను ఎప్పుడైనా విన్నానా? లేదు. మా గదిలో చదువంటే అందరూ కలిసి గట్టిగా అనడమే. భవాని నోరు అందరితోపాటు కదిలేది. పాఠాలు రెండుసార్లు వింటే దానికి వచ్చేసేవి. నాకు తెలియదని చాలాకాలం అనుకున్నాను. తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డాను అన్నదే సరైన మాట. అంత అందమైన పుస్తకం చేతిలో ఉండగా ఎందుకు తెలుసుకుంటాం?

జ్వరం

దసరా సెలవులయ్యాక తనిఖీకి ఒక అధికారి వచ్చారు. అలవాటు ప్రకారం భవాని పుస్తకం అందించాను. ఆయన పేజీలు తిప్పి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, "ఎవరమ్మా ఈ పిల్ల?" అన్నారు. భవాని లేచింది. "ఏదీ, నువ్వు రాసిందే, ఈ లైను ఒక్కటి చదువు."

భవాని పుస్తకం వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. ఆ చూపులో నాకు మొత్తం తెలిసిపోయింది. ఆ పిల్లకి ఒక్క అక్షరం చదవడం రాదు. అయిదేళ్లుగా అది రాయడం లేదు, బొమ్మలు వేస్తోంది.

"దానికి పొద్దుటి నుంచీ జ్వరమండి. గొంతు పెగలడం లేదు" అన్నాను. మాట ఎంత నున్నగా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది.

"అయ్యో, కూర్చోమ్మా కూర్చో" అన్నారాయన. తనిఖీ పుస్తకంలో "విద్యార్థుల చేతిరాత ప్రశంసనీయం" అని రాసి, టీ తాగి వెళ్లారు. భవాని కూర్చుని, అరచెయ్యి మెడ మీద పెట్టుకుని చూసుకుంది, నిజంగా జ్వరం ఉందేమోనని.

మర్నాటి నుంచి బడికి రాలేదు.

ట్రే

నాలుగు రోజులు చూసి అయిదోరోజు బడి అయ్యాక చెరువు దగ్గరికి వెళ్లాను. భవాని గట్టు నుంచి నీళ్లలోకి వేసిన చెక్క మీద కూర్చుని, తాడు పట్టుకుని, పళ్లెంలాంటి వల తట్ట పైకి లాగుతోంది. దాన్ని చెక్ ట్రే అంటారు. మేత చల్లేటప్పుడు అందులోనూ కాస్త వేసి నీళ్లలో దించుతారు. రెండు గంటలాగి ఎత్తి చూస్తారు.

సత్యనారాయణ ఎదురొచ్చాడు. "రండి టీచరు గారండీ. ఆయ్, కూర్చోండి, మజ్జిగ తెమ్మంటాను. పిల్ల బడికి రానంటందండి. ఆఫీసరు గారు కూడా పుస్తకం చూసి మెచ్చుకున్నారంట కదండీ? మరేటొచ్చిందో దీనికి."

ఇంతలో భవాని అరిచింది. "నాన్నా, మేత మిగిలింది."

"అయితే ఈ పూట తగ్గించేద్దారమ్మా" అన్నాడు. నా వైపు తిరిగి చెప్పాడు. "తిననప్పుడు ఇంకా ఏస్తే అడుగున కుళ్లిపోద్దండి, నీళ్లు పాడైపోతాయి. మనం ఎంత ఏశామన్నది కాదండి, అయ్యి ఎంత తిన్నాయన్నది సూడాలి. రోజుకి నాలుగుసార్లు ఎత్తి సూడకపోతే నాకు కాలు నిలవదండి."

నాకు నవ్వొచ్చింది. రొయ్య తిందో లేదో రోజుకి నాలుగుసార్లు చూసుకునే మనిషి, కూతురికి చదువొచ్చిందో లేదో అయిదేళ్లలో ఒక్కసారి చూసుకోలేదు కదా అనుకున్నాను. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆయనకి చెరువుంది, మేతుంది, కరెంటు కోతలున్నాయి. నాకు ఉన్న పని ఆ ఒక్కటే.

"సత్యనారాయణ గారూ, భవానికి చదవడం రాదండి" అన్నాను.

"ఊరుకోండి, వేళాకోళాలు" అని పాకలోకి వెళ్లి సంచి తెచ్చి విప్పాడు. "ఇదేంటండి మరి?"

"చూసి దించుతుందండి. అంతే."

ఆయన పైనున్న పుస్తకం తీసి, "అమ్మా, ఇట్రా. ఏదీ, ఇది చదువు" అన్నాడు.

భవాని పుస్తకం చూడలేదు. నన్ను చూసింది. "నాకు జ్వరమొచ్చింది నాన్నా" అంది.

ఏళ్లనాటి పొరపాటు ఎవరైనా గుర్తుచేస్తే సర్దిచెప్పుకోవచ్చు. అయిదు రోజుల కిందటి అబద్ధాన్ని ఒక పదేళ్ల పిల్ల పాఠంలా అప్పజెబితే ఎక్కడ తల పెట్టుకుంటాం? నేను నేర్పినవాటిలో దానికి బాగా వచ్చింది అదొక్కటే.

సత్యనారాయణ పేజీలు తిప్పుతూ ఎర్రసిరా మీద వేలు పెట్టి అడిగాడు. "ఇయ్యన్నీ తమరు ఏసినయ్యేనాండి?"

"నేనేనండి."

"నాకైతే చదువు రాదు కాబట్టి తెలవలేదండి. తమరికొచ్చుగా?"

కోపంగా అనలేదు. గోదావరి మర్యాద అది, అండీ తగిలించి మరీ కోస్తారు. పుస్తకాలు మళ్లీ సంచిలో చుట్టేశాడు. "పోన్లెండి. గట్టు మీద పని దానికి బాగా వచ్చు. ఇక్కడే ఉండనివ్వండి" అన్నాడు.

వేసవి సెలవుల దాకా పిల్లని నాకివ్వమని అడిగాను. అప్పటికీ చదవలేకపోతే గట్టు మీదే ఉంచుకోండి, నేను మళ్లీ మీ గుమ్మం తొక్కను అన్నాను. ఆయన కూతురి వంక చూసి, "ఆయ్, సెలవుల దాకానండి" అన్నాడు.

మురికి పుస్తకం

కొత్త పుస్తకం ఒకటి ఇచ్చాను, అట్ట వెయ్యకుండా. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక భవాని, నేను ఇద్దరమే. అది చెప్పాలి, నేను రాయాలి, నేను రాసింది అది చదవాలి. మొదటి రోజు చెప్పిన వాక్యం, "ఏరేటర్ ఆగిపోతే రొయ్యలు పైకొచ్చేస్తాయి." అది దాని సొంత మాట కాబట్టి ఎక్కడ ఏముందో వెతుక్కుంది. "ఏ" ఎక్కడుందో, "రొ" ఎక్కడుందో. అయిదేళ్లుగా వేస్తున్న బొమ్మకి ఒక చప్పుడు ఉంటుందని మొదటిసారి తెలిసినప్పుడు దాని ముఖం చూడాలి. "అయితే ఇది రొయ్యలో రొ అక్షరమేనాండీ?" అంది.

రెండు నెలలయ్యాక దాని మాటలు అదే రాయడం మొదలుపెట్టింది. అప్పుడొచ్చింది అసలు చిక్కు. చేతిరాత కూలిపోయింది. చూసి దించేటప్పుడు ముత్యాలు పేర్చిన చెయ్యి, ఆలోచించి రాసేసరికి కాకిగూడు కట్టింది. కొట్టివేతలు, ఒత్తు లేని అక్షరాలు, చెరిపి చెరిపి చిరిగిన కాగితం. నా మధ్యవేలు దురద పెట్టేది. పెన్ను లాక్కుని దిద్దేద్దామని పదిసార్లు అనిపించింది. ఎర్రపెన్ను తీసుకెళ్లి ఇంట్లో పెట్టి వచ్చాను. ఆ ఉద్యోగంలో నేను చేసిన కష్టమైన పని ఏదైనా ఉంటే అదే.

ఈ మధ్యలో సత్యనారాయణ చేసిన పని గురించి చెప్పాలి. సాయంత్రం మేత చల్లేటప్పుడు కూతుర్ని పక్కన నడిపించుకుంటూ ఆ రోజు ఏం చదివిందో అడిగేవాడట. "అది తప్పు చదివినా నాకు తెలవదు కదండీ. అందుకని ఏం చదివావో నాకర్థమయ్యేలా చెప్పమంటున్నానండి. నాకు అర్థం కాకపోతే దానికీ రాలేదని లెక్క" అన్నాడు ఒకరోజు. నేను చూసిన తల్లిదండ్రుల్లో డిగ్రీలున్న వాళ్లు చాలామంది ఉన్నారు. "ఎన్ని మార్కులు, ఎన్ని పేజీలు, పక్కింటి పిల్లకి ఎన్ని" అని అడిగిన వాళ్లే అందరూ. నాకర్థమయ్యేలా చెప్పు అని పిల్లని అడిగినవాడు ఈ ఒక్కడే. మా మేనకోడలికి నేను చెప్పే పాఠం ఏదైనా ఉంటే సత్యనారాయణ దగ్గర తెచ్చుకున్నదే. పుస్తకం మూయించి అడుగు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి విను. మిగిలితే తగ్గించు.

ఎండలు ముదిరాక అదే అధికారి మళ్లీ వచ్చారు. ఈసారి కుర్చీలో కూర్చోకముందే అడిగారు. "ఆ పిల్ల పుస్తకం ఏదండీ?"

నా బీరువాలో పాత ముత్యాల పుస్తకం ఒకటి ఇంకా ఉంది. ఒక్క క్షణం చెయ్యి అటే పోయింది, అబద్ధం ఎందుకు. తర్వాత మురికి పుస్తకం తీసి ఇచ్చాను. ఆయన రెండు పేజీలు తిప్పి ముఖం చిట్లించారు. "ఇదేంటండీ టీచరు గారూ? ఇంత పాడైపోయిందేంటి రాత?"

ఎవరూ పిలవకుండానే భవాని లేచి వచ్చింది. ఆయన చేతిలోంచి పుస్తకం తీసుకుంది. "నేను రాసిందండి. చదువుతానండి" అని ఒక పేజీ తీసి, అక్షరం అక్షరం మీద వేలు జరుపుతూ, ఆగుతూ చదివింది.

"ఆ రోజు నాకు జొరం లేదు. టీచరు గారు అబద్దం చెప్పారు. నాకు చదవడం రాదు. ఇప్పుడు వొచ్చింది."

నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఆ నలభై మంది ముందూ ఎగిరి గంతెయ్యాలని కూడా అనిపించింది. అధికారి నా వంక చూశారు. నేను తల ఊపాను. ఆయన తనిఖీ పుస్తకం దగ్గరికి లాక్కుని రాశారు. ఆయన వెళ్లాక చూస్తే, "చేతిరాత మెరుగుపడాలి" అని ఉంది.

భవాని ఇంకా బల్ల దగ్గరే నిలబడి ఉంది. ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టింది.

"టీచరు గారండీ, దీనికేం పెడతారండీ?"

పక్క టీచరు దగ్గర ఎర్రపెన్ను అడిగి తీసుకున్నాను. వెరీగుడ్ అని రాయడానికి చెయ్యి రాలేదు. "నిజమే" అని రాసి, కింద సంతకం పెట్టాను.